గల్లీ గణపతి నుంచి చెరువు గట్టు దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

శ్రావణం సగం దాటిందంటే జిల్లాల్లో చందా పుస్తకాలు బయటికొస్తాయి. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఆ సందడి చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. పేర్లు వద్దన్నవాళ్లు కొందరున్నారు కాబట్టి అందరికీ ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా గల్లీల ఈసారి 14 అడుగుల వినాయకుణ్ని పెడ్తున్నం. ట్రాక్టర్ ట్రాలీ మీద తేవాలె. దారిల కరెంటు వైర్లు అడ్డమొస్తే పైకి లేపనీకి ఇద్దరు వెదురు కట్టెలు పట్టుకొని ముందు నడుస్తరు. ప్రతి ఏడు గట్లనే తెస్తున్నం. ఇంకేమన్న జాగ్రత్తలు ఉన్నయా?
— ఉత్సవ కమిటీ సభ్యుడు, కోరుట్ల

జవాబు: ఉన్నాయి. మొదటిది, ఆ వెదురు కట్టెలు ఇంట్లో పెట్టి రావడం. వానాకాలంలో వెదురు తడి పీల్చుకుంటుంది, తడిసిన కట్టె కరెంటును మోస్తుంది. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగ దగ్గరైతే ఎండిన కట్టెను కూడా నమ్మడానికి లేదు. పైగా కట్టెతో లేపిన తీగ జారి పక్క తీగకు తగిలితే నిప్పులు రాలతాయి, తీగ తెగి జనం మీద పడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. విగ్రహం 14 అడుగులు. కింద పీట ఒక అడుగు. ట్రాలీ అడుగుభాగం నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడికే 19. పైన గొడుగో చక్రమో పెడితే 20. ఇక తీగల సంగతి. రోడ్డుకు అడ్డంగా పోయే ఎల్టీ లైను, అంటే ఇళ్లకు కరెంటు ఇచ్చేది, నేల నుంచి కనీసం 5.8 మీటర్లు ఉండాలి, అంటే 19 అడుగులు. రోడ్డు వెంబడి పోయేదైతే 5.5 మీటర్లు, అంటే 18 అడుగులే. 11 కేవీ లైను రోడ్డు దాటేచోట 6.1 మీటర్లు, 20 అడుగులు. కాగితం మీద నిబంధన ప్రకారమే మీ గణపతి తీగల్లో ఉన్నాడు. నిజంగా గల్లీలో ఆ ఎత్తు కూడా ఉండకపోవచ్చు. ఎండకు, లోడుకు తీగ సాగి కిందికి వేలాడుతుంది. పాత రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తే నేల అర అడుగు పైకొస్తుంది, స్తంభం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎల్టీకి వాడే 8 మీటర్ల సిమెంటు స్తంభంలో ఆరో వంతు భూమిలోనే పోతుంది. మిగిలేది 22 అడుగులు, అందులోంచి తీగ వేలాడిన మేర తీసేయాలి.

మా సలహా సూటిగా చెప్తాం. బండితో, పీటతో, గొడుగుతో కలిపి 16 అడుగులు దాటనీయకండి. అంటే విగ్రహం 10 అడుగులు. లేదంటే ట్రాలీకి బదులు అడుగుభాగం తక్కువ ఎత్తులో ఉండే బండి మాట్లాడుకోండి. 14 అడుగులే కావాలని కమిటీ పట్టుబడితే, మట్టి తెచ్చి పందిట్లోనే విగ్రహం చేయించుకోవడం ఒక దారి. అప్పుడు తేవడానికి తీగల గొడవ ఉండదు. నిమజ్జనానికి మాత్రం ఉంటుంది, అది ముందే ఆలోచించుకోండి.

దారిని మూడు రోజుల ముందు పగటిపూట లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని నడవండి. తీగ ఎత్తు మీరు కట్టెతోనో టేపుతోనో కొలవొద్దు, ఆయనే చెప్తాడు. తక్కువ ఎత్తున్న చోట్లు రాసుకుని, ఊరేగింపు తేదీ, గంట వేసి కరెంటు శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఆఫీసులో కాగితం ఇవ్వండి. ఆ సమయానికి వాళ్లు సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ తీసుకుంటారు, అంటే లైను ఆపి రాతపూర్వకంగా క్లియరెన్సు ఇస్తారు. ఎల్సీ వచ్చిందని లైన్‌మన్ నోటితో చెప్పేదాకా బండి కదలకూడదు. వీధి లైట్లు ఆరిపోయాయి కాబట్టి కరెంటు పోయిందనుకోవడం పెద్ద పొరపాటు. కింది ఎల్టీ లైను ఆగినా అదే స్తంభం మీద పైనున్న 11 కేవీ నడుస్తూనే ఉండొచ్చు. పక్కింటి జనరేటరు నుంచి కరెంటు వెనక్కి రావచ్చు.

కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లను కూడా చేత్తో లేపొద్దు. అవి ఎక్కడో ఒకచోట కరెంటు తీగను ఆనుకుని ఉంటే మామూలు కేబులే ప్రాణం తీస్తుంది. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కళిమేడులో రథం పైభాగం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది పోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు వచ్చి 5 మంది పోయారు.

బండికి తీగ తగిలితే డ్రైవరు సీట్లోనే కూర్చోవాలి. కింద ఉన్నవాళ్లు బండిని ముట్టుకోకుండా, లాగబోకుండా కనీసం పది మీటర్లు వెనక్కి పోవాలి. పెద్ద అంగలు వేయకూడదు. బండి చుట్టూ నేలలో కూడా కరెంటు పాకుతుంది. రెండు పాదాల మధ్య దూరం పెరిగేకొద్దీ ఒంట్లోంచి పోయే కరెంటు పెరుగుతుంది. పాదాలు ఒకదానికొకటి ఆనించి, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ రావాలి. బండికి మంటలంటుకుంటేనే డ్రైవరు దిగాలి. అప్పుడు కూడా బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి.

ప్రశ్న: పందిరికి కరెంటు పక్కింటి మీటరు నుంచి తీసుకుంటున్నాం. ఎంసీబీ పెట్టాం కాబట్టి షాకు భయం లేదంటున్నాడు ఎలక్ట్రీషియన్. నిజమేనా?
— తణుకు

జవాబు: కాదు. మీ ఎలక్ట్రీషియన్ చెడ్డవాడని కాదు గానీ, ఈ మాట ఊరూరా వినిపిస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లోడు పడినప్పుడు, లేదా షార్టయినప్పుడు పడిపోతుంది. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల కోసం కాచుక్కూర్చున్న ఎంసీబీకి అది కనిపించనే కనిపించదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల రకం. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోకపోతే ఎక్కడో బయటికి పోతోందని లెక్కగట్టి కన్నుమూసి తెరిచేలోపు ఆపేస్తుంది. మీకు ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కావాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. రోజూ సాయంత్రం లైట్లు వేసే ముందు నొక్కి చూడండి. నొక్కినా పడకపోతే అది పనిచేయడం లేదు.

సాధారణంగా ఏం జరుగుతుందంటే, వాన పడ్డ రాత్రి ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతుంది. భజన మధ్యలో కరెంటు పోతోందని ఎవరో దాన్ని పక్కకు తప్పించి డైరెక్టుగా కలిపేస్తారు. అది పడిపోతోందంటే లీకు ఉందనే. సీరియల్ లైట్ల అతుకు తడి బట్టకో ఇనుప పైపుకో తగులుతోంది. లైన్లు ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఏది తీసినప్పుడు నిలబడితే తప్పు దానిలోనే ఉంది.

షామియానా పైపులు ఇనుపవైతే వాటన్నిటినీ ఒకదానికొకటి తీగతో కలిపి ఎర్త్‌కి వేయండి. ఎర్త్ రాడ్డు రెండున్నర మీటర్లు, అంటే 8 అడుగులు ఉండాలి. మూరెడు మేకు కొట్టి ఎర్త్ అంటే ఒప్పుకోవద్దు. వైర్లను ఇనుప పైపుకు కట్టుతీగతో బిగించొద్దు. తొడుగు కోసుకుపోయి పైపుకు కరెంటొస్తుంది. ప్లాస్టిక్ క్లిప్పులు వాడండి. అతుకులు నేల మీద కాకుండా ఆరడుగుల పైన, తడవని చోట ఉండాలి.

పక్కింటి మీటరు సంగతి. ఫోకస్ లైట్లు ఆరు, మైకు సెట్టు, నాలుగు ఫ్యాన్లు, సీరియల్ లైట్లు కలిపితే రెండున్నర కిలోవాట్లు సులువుగా అవుతుంది, అంటే 11 ఆంపియర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు దీనికి సరిపోతుంది. ఇంట్లో ట్యూబులైటుకు వేసిన సన్నవైరు సరిపోదు, వేడెక్కి కాలుతుంది. ఆ ఇంటాయన ఫ్రిజ్, మోటారు కూడా అదే సర్వీసు మీద ఉన్నాయి. తాత్కాలిక కనెక్షన్ తీసుకోవడమే మంచిది. 2025లో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వినాయక మండపాలకు ఉచిత కరెంటు ప్రకటించాయి. ఉచితమైనా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. స్తంభానికి కొక్కేలు తగిలించడం దొంగతనం కిందికి వస్తుంది, పైగా అక్కడ ఏ ఫ్యూజూ మిమ్మల్ని కాపాడదు.

పందిరి వేసే చోటు కూడా చూసుకోండి. ఎల్టీ తీగ కింద పందిరి వేస్తే పందిరి శిఖరానికీ తీగకూ మధ్య రెండున్నర మీటర్లు వదలాలి, 11 కేవీ అయితే 3.7 మీటర్లు. పక్కగా పోతుంటే 1.2 మీటర్లు. అంత జాగా లేకపోతే చోటు మార్చండి.

ప్రశ్న: మైకు రాత్రి ఎన్ని గంటల దాకా పెట్టుకోవచ్చు? పోలీసులు పదింటికే ఆపమంటున్నారు.
— నంద్యాల

జవాబు: వాళ్లు చెప్పింది సరైనదే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. పండగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వొచ్చు. అలాంటి ఉత్తర్వు ఉందో లేదో స్టేషన్లో అడగండి. గంటల లెక్కే కాదు, మోత లెక్క కూడా ఉంది. మీ ఆవరణ హద్దు దగ్గర ఆ ప్రాంతానికి పెట్టిన పరిమితి కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్స్, ఏది తక్కువైతే అది దాటకూడదు. స్పీకరును పందిరి లోపలికి తిప్పి కాస్త కిందికి వంచితే ఊరంతా వినపడదు, కూర్చున్నవాళ్లకు ఇంకా బాగా వినపడుతుంది. ఇది చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: మా ఊరి గుడి చిన్నది. మామూలు రోజుల్లో యాభై మంది వస్తారు, కార్తీక ఏకాదశికి మాత్రం వేలల్లో వస్తున్నారు. పోయిన ఏడాది కాశీబుగ్గలో జరిగింది చూశాక భయంగా ఉంది. మేం ఏం చేయగలం?
— ఆలయ కమిటీ, నరసన్నపేట

జవాబు: కాశీబుగ్గ వేంకటేశ్వర ఆలయంలో 2025 నవంబరు 1న తొక్కిసలాటలో తొమ్మిది మంది పోయారు. లోపలికి వెళ్లేవాళ్లకీ బయటికి వచ్చేవాళ్లకీ దారి ఒకటే. మీరు ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. వెనక గోడ పగలగొట్టయినా రెండో దారి తీయండి. తీయలేకపోతే గర్భగుడి దాకా పంపకండి, దర్శనం బయట మండపంలో ఉత్సవ విగ్రహానికి మార్చండి. రెండు వైపులా జనం ఒకే మెట్ల మీద ఎదురుపడితే ఎంతమంది వలంటీర్లున్నా ఆపలేరు.

తర్వాత లెక్క. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు చోటులో 35, 40 మంది దాకా నిలబడి కదలగలరు. అంతకు మించితే మనుషులు తమంతట తాము నడవరు, గుంపు ఎటు తోస్తే అటు పోతారు. మీటరు వెడల్పు దారిలో నేల మీద నిమిషానికి సుమారు 80 మంది, మెట్ల మీద 65 మంది దాటతారు. మీ గుమ్మం ఒక మీటరైతే గంటకు నాలుగు వేలకు కాస్త అటూఇటూ. ఎనిమిది వేల మంది ఒకే గంటలో వస్తారనుకుంటే వాళ్లను గుమ్మం దగ్గర కాదు, అర కిలోమీటరు దూరంలో రోడ్డు మీదే ఆపి విడతలుగా వదలాలి. తాళ్లు కట్టి గుంపును ముక్కలుగా విడగొట్టండి, ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ జాగా ఉండాలి.

ఎండలో గంటలు ఆపి హఠాత్తుగా గేటు తీయడం అన్నిటికన్నా ప్రమాదం. 2025 జనవరిలో తిరుపతిలో టోకెన్ల కోసం కాచుకున్న జనం మధ్య ఒక గేటు తెరుచుకోవడమే తొక్కిసలాటకు దారి తీసింది, ఆరుగురు పోయారు. గేటు తెరిచే ముందు మైకులో చెప్పండి, ఎందుకు తీస్తున్నారో కూడా చెప్పండి. స్టీలు రెయిలింగు ఉంటే దాన్ని నలుగురు మగవాళ్లు బలంగా తోసి చూడండి. ఊగితే జనం వచ్చేలోపు వెల్డింగు చేయించండి లేదా తీసేయండి. ఊగే రెయిలింగు కన్నా ఏమీ లేకపోవడమే నయం, ఎందుకంటే జనం దాన్ని నమ్మి ఆనుకుంటారు.

తేదీ, అంచనా సంఖ్య, దారుల బొమ్మ వేసి పోలీసులకు, తహసీల్దారుకు, ఫైర్ స్టేషనుకు పది రోజుల ముందే కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి. 2015లో రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర మొదటి రోజే పాతిక మందికి పైగా పోయారు.

భక్తులకు కూడా ఒక మాట. తోపులాట మొదలైతే చేతులు గుండెల ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరి తీసుకునే జాగా ఉంటుంది. పడిపోయిన చెప్పు కోసం, ఫోను కోసం వంగొద్దు. తోపుకు ఎదురు నిలబడకుండా దానితోనే పోతూ, అది కాస్త ఆగినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగండి. గోడ వైపు మాత్రం కాదు.

ప్రశ్న: అన్నదానం వంటకు ఇళ్లలోని సిలిండర్లు తెచ్చి వాడుతున్నాం. ప్రమాదమా?
— మిర్యాలగూడ

జవాబు: ఇంటి సిలిండరు, అంటే 14.2 కిలోలది, ఇంటి వంటకే. ఊరి వంటలకు 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకోవాలి. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. వంటవాళ్లు పెద్ద పొయ్యికి తగ్గ మంట రావడం లేదని సిలిండరును పక్కకి పడుకోబెడతారు, వేడినీళ్లు పోస్తారు. పడుకోబెడితే గ్యాసుకు బదులు ద్రవమే పైపులోకి వస్తుంది, మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. సిలిండరు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పొయ్యికి కనీసం పదడుగుల దూరం ఉండాలి. పైపు అతుకుల దగ్గర సబ్బు నురగ పూసి చూడండి, బుడగలు వస్తే లీకు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు!

వంటగ్యాసు గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకి గుంటల్లో, కాలువల్లో, టార్పాలిన్ కట్టిన మూలల్లో నిలుస్తుంది. అందుకే వాసన రాగానే కింది నుంచి టార్పాలిన్లు ఎత్తి కట్టాలి. లైటు వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. సిలిండరు దగ్గర మంట లేచినా గాభరా పడొద్దు. తడి గోనెసంచి కప్పి వాల్వు తిప్పేస్తే ఆగుతుంది. వాల్వు అందకపోతే అందరినీ దూరం పంపి 101కి చేయండి. లీకుకు 1906, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ప్రశ్న: చందా కోసం పందిట్లో క్యూఆర్ కోడ్ అతికించాం. దుబాయి నుంచి మాట్లాడుతున్నానంటూ ఒకాయన 50 వేలు పంపుతానన్నాడు. ఏదో కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. స్కాన్ చేసి పిన్ కొడితే మా ట్రెజరర్ ఖాతాలోంచి 48 వేలు పోయాయి. బ్యాంకు వాళ్లు మీ తప్పే అంటున్నారు.
— సిద్దిపేట

జవాబు: డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పంపడానికే కావాలి. పందిట్లో ఈ ఒక్క వాక్యం రాసి క్యూఆర్ కోడ్ పక్కన అతికించండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను. ఇది ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పోయిన డబ్బు మోసగాళ్లు ఇతరుల దగ్గర అద్దెకు తీసుకున్న ఖాతాల్లో చేతులు మారి ఏటీఎం నుంచి బయటికి పోకముందే ఆ ఖాతాలను ఆపాలి. ఫోను చేసేటప్పుడు 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి వచ్చే గుర్తింపు సంఖ్య), పోయిన మొత్తం, తేదీ, గంట, డబ్బు చేరిన యూపీఐ ఐడీ, మీ ఖాతా వివరాలు చేతిలో పెట్టుకోండి. రసీదు నంబరు మెసేజ్ వస్తుంది, దాన్ని తుడిచేయకండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలన్నీ నింపాలి, లేదా దగ్గరి స్టేషనుకు వెళ్లాలి. ఆపగలిగిన సొమ్ము తిరిగొచ్చే వీలుంది. ఆపలేనిది రావడం కష్టం, ఆశ పెట్టడం మాకు ఇష్టం లేదు. పిన్ మీ చేత్తోనే కొట్టించారు కాబట్టి, మీరు చెప్పకముందు జరిగిన నష్టాన్ని బ్యాంకు భరించదు. చెప్పిన తర్వాత కూడా డబ్బు పోతే అది బ్యాంకుది. అందుకే 1930తో పాటు బ్యాంకుకు కూడా వెంటనే చెప్పి నంబరు తీసుకోండి.

ఇంకో సంగతి. చందాను ట్రెజరర్ సొంత ఖాతాలో వేయించొద్దు. ఎక్కడో మోసం చేసిన డబ్బును ఎవరో చందాగా పంపితే ఆ ఖాతా ఆగిపోతుంది, ఆయన జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది. అలా ఆగితే బ్యాంకులో అడగాల్సింది మూడు విషయాలు: ఏ రాష్ట్ర పోలీసులు ఆపారు, ఫిర్యాదు నంబరెంత, ఖాతా మొత్తం ఆపారా లేక ఆ మొత్తం మేరకేనా. వివాదంలో ఉన్న సొమ్ము మేరకే ఆపి మిగతాది వదలమని రాతపూర్వకంగా అడగండి, చందా పుస్తకం కాపీ జత చేయండి.

ప్రశ్న: జాతరలో ఫోను పోయింది. దొరుకుతుందా?
— ఆదోని

జవాబు: దొరికే వీలుంది, వరస తప్పకుండా చేస్తే. ముందు ఇంకొకరి ఫోను నుంచి సిమ్ ఆపించి, యూపీఐ ఆపమని బ్యాంకుకు చెప్పండి. స్టేషన్లో ఫిర్యాదు చేసి కాగితం తీసుకోండి. తర్వాత అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. అప్పుడు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో, పోయిన ఫోన్లను ఆపించే సీఈఐఆర్ విభాగానికి వెళ్లి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య), ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డు పెట్టండి. ఫోను అన్ని నెట్‌వర్క్‌లలో ఆగిపోతుంది. ఎవరైనా వేరే సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. దొరికాక బ్లాకు తీయించడం మరిచిపోకండి.

ఐఎంఈఐ బిల్లు మీద, డబ్బా మీద ఉంటుంది. ఇప్పుడు ఈ పత్రిక చేతిలో ఉన్నవాళ్లంతా *#06# కొట్టి ఆ 15 అంకెలు ఇంట్లో క్యాలెండరు మీద రాసుకోండి. ఫోన్లోనే రాసుకోవద్దు!

ప్రశ్న: పక్క మండలం జాతరలో మా అమ్మ మెడలో గొలుసు లాక్కెళ్లారు. మా ఊరి స్టేషనుకు వెళ్తే మా పరిధి కాదు పొమ్మన్నారు.
— అనకాపల్లి

జవాబు: అలా అనడానికి లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటాం. వాళ్లే సంబంధిత స్టేషనుకు పంపుతారు. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే చాలు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే అదే ఫిర్యాదును ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు ఉంచుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

ఫిర్యాదులో గొలుసు బరువు, కొన్న బిల్లు, డిజైను, గొలుసుతో ఉన్న ఫోటో పెట్టండి. దొరికినప్పుడు ఇది మీదేనని చెప్పే ఆధారం అదే.

ప్రశ్న: మాల వేసుకున్నవాళ్లం రాత్రిళ్లు హైవే మీద నడుస్తాం. మొన్న మాలో ఒకరిని లారీ గుద్ది ఆగకుండా పోయింది. కాలు విరిగింది. నంబరు ఎవరూ చూడలేదు. పరిహారం వస్తుందా?
— సూర్యాపేట

జవాబు: వస్తుంది. బండి ఏదో తెలియని ప్రమాదాలకు 2022 నుంచి కేంద్ర పథకం ఉంది. తీవ్ర గాయానికి 50 వేలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు వివరాలతో మీ డివిజన్‌లోని క్లెయిమ్స్ విచారణాధికారికి దరఖాస్తు పెట్టాలి. ఆయనెవరో కలెక్టరేట్‌లో చెప్తారు. ఎముక విరగడం తీవ్ర గాయమే, డాక్టరు కాగితంలో ఆ మాట స్పష్టంగా రాయించుకోండి. తర్వాత లారీ దొరికితే ట్రిబ్యునల్లో కేసు వేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి దానికి ప్రమాదం జరిగిన ఆరు నెలల గడువు పెట్టారు, కాబట్టి ఆలస్యం వద్దు. ఇక ముందు ఎవరికి దెబ్బ తగిలినా ఇది గుర్తుంచుకోండి: 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం ఉంది. ఆసుపత్రికి చేర్చినవాళ్లు తమ పేరు చెప్పాలన్న బలవంతం లేదు, కేసులో ఇరికిస్తారన్న భయం వద్దు.

ఫోను చేసేటప్పుడు ‘హైవే మీద ఉన్నాం’ అంటే ఎవరికీ అర్థం కాదు. రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరి వైపు పోయే దారో చెప్పండి. జాతీయ రహదారైతే 1033, ఎక్కడైనా 112. ఊళ్లో అయితే కరెంటు స్తంభం మీది నంబరు చెప్పొచ్చు.

నడిచేటప్పుడు ఎదురొచ్చే బండ్లు కనపడేలా రోడ్డుకు కుడివైపు, తారు దాటి మట్టి మీద, ఒకరి వెనక ఒకరు. నల్లబట్టలు రాత్రి కనపడవు. సైకిళ్లకు అతికించే మెరిసే టేపు ఇరుముడి సంచికి, మోకాళ్ల దగ్గర బట్టకు చుట్టండి. అందరికన్నా ముందు ఒకరు, వెనక ఒకరు టార్చి పట్టుకోవాలి.

ప్రశ్న: నిమజ్జనం రోజు పిల్లలు చెరువులో దిగుతారు. మేం చిన్నప్పుడు ఈదిన చెరువే, లోతు మాకు తెలుసు. భయపడాలా?
— జగిత్యాల

జవాబు: ఆ లోతు మీకు తెలిసినప్పటిది. పూడిక తీసిన, ఇటుక బట్టీలకు, పొలాలకు మట్టి తవ్విన చెరువుల్లో గట్టు నుంచి నాలుగడుగులు నడుము లోతు, ఐదో అడుగు నిలువులోతు. నీళ్లు నిండాక గుంత కనపడదు. అంచు బంకమట్టి, జారితే పట్టు దొరకదు. నిమజ్జనం క్రేన్‌తోనో ఒక్క చోట నుంచో చేయండి. ఆ చోటు ముందురోజే పొడవాటి కర్రతో లోతు చూసి, తాడు కట్టి, అవతలికి ఎవరినీ పోనీయకండి. నీళ్లలోకి దిగేది ఈతొచ్చిన నలుగురే, మందు తాగనివాళ్లు. గట్టు మీద గాలి నింపిన లారీ ట్యూబులు రెండు, ముప్పై అడుగుల తాడు ఒకటి సిద్ధంగా ఉండాలి.

ఎవరైనా మునుగుతుంటే వెనకే దూకొద్దు. మునిగేవాడు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. తాడు, ట్యూబు, చీర, ఖాళీ క్యాను, ఏదుంటే అది విసరండి.

బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి. కడుపులోని నీళ్లు, అన్నం గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు రెండు నుంచి ఐదు సార్లు గాలి ఊదండి. నీళ్లలో మునిగినవాళ్లకు మొదటి కొరత గాలే. తర్వాత రొమ్ము మధ్య రెండు చేతులతో రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి వంద నుంచి నూటఇరవై వేగంతో 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఆపకూడదు. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచండి. నీళ్లు పోయిన ఊపిరితిత్తులు కొన్ని గంటల తర్వాత వాచి మళ్లీ ఊపిరాడని పరిస్థితి రావచ్చు.